నాన్న నడిచిన లైను మీద ఐదు రోజులు

నాన్న పోయి మొన్న కార్తీకానికి ఏడాది నిండింది. సంవత్సరీకం అయిపోయి చుట్టాలందరూ వెళ్ళిపోయాక వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ అమ్మ ఉన్నట్టుండి "ఒకపాలి కిరండోలు ఎల్దామేటే" అంది. చేతిలో పని ఆపేసి చూశాను. నాకు తెలిసి అమ్మ ఎక్కడికైనా తీసుకెళ్ళమని అడగడం అదే మొదటిసారి, తిరపతి కూడా ఎవరో వెళ్తుంటే వాళ్ళతో కలిసి వెళ్ళిన మనిషే తప్ప తనంతట తను అడగలేదు.

ఎందుకు కిరండూలో చెప్పాలంటే నాన్న పని గురించి చెప్పాలి. నాన్న కేకే లైనులో గ్యాంగ్‌మన్, అంటే పట్టాలు చూసుకుని బాగుచేసే గుంపులో ఒకడు. తెలీనివాళ్ళకి, కేకే అంటే కొత్తవలస–కిరండూల్, విజయనగరం జిల్లా కొత్తవలస దగ్గర మెయిన్ లైన్ నుంచి విడిపోయి అనంతగిరి కొండలెక్కి, అరకు మీదుగా ఒడిశాలో కోరాపుట్, జయపూర్ దాటి, ఛత్తీస్‌గఢ్‌లో బైలడిల్లా కొండల కింద ఆగిపోతుంది, సుమారు 446 కిలోమీటర్లు. 1960లో జపాన్‌తో ఇనుప ఖనిజం ఒప్పందం అయితే ఆ రాయి విశాఖ రేవుకి తేవడం కోసమే వేశారు, 1960ల చివరికి బళ్ళు నడిచాయి. దారంతా కలిపి 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు. నాన్న 1979లో కేజువల్ లేబర్‌గా చేరాడు, లైనుకి కరెంటు వచ్చే రోజుల్లో స్తంభాలకి గోతులు తవ్వాడు, తర్వాత పర్మనెంట్ అయ్యి గ్యాంగ్‌మన్, కీమ్యాన్, ఆఖర్న మేస్త్రీ, 2013లో రిటైర్. ముప్ఫై నాలుగేళ్ళూ దాదాపు ఆ లైన్లో కొండ మీదున్న చిమిడిపల్లి స్టేషన్ చుట్టుపక్కలే. రోజూ కళ్ళముందు నుంచి రాయి లోడు బళ్ళు దిగుతూనే ఉంటాయి, ఆ రాయి ఎక్కణ్ణుంచి వస్తుందో ఒక్కసారీ చూడలేదు. "రిటైరయ్యాక మీ అమ్మని తీసుకుని ఆ చివర దాకా ఎల్లొస్తాను" అనేవాడు. రిటైరయ్యాక తమ్ముడి ఉద్యోగం, ఇల్లు కట్టడం, తర్వాత మోకాళ్ళు, తర్వాత ఆస్పత్రి. అలా అయిపోయింది.

డిసెంబర్ మొదటి వారంలో బయల్దేరాం, అమ్మ, నేను, తమ్ముడు. అమ్మకి రైల్వే విడో పాస్, అంటే భర్త పోయినవాళ్ళకిచ్చే పాసు వస్తుంది, అది వాడుకుందాం అన్నాడు తమ్ముడు. "ఆ పేరున్న కాయితం పట్టుకుని మీ నాన్న లైను మీద నానెక్కను" అంది. మామూలు టికెట్లే కొన్నాం.

మొదటి రోజు – కొత్తవలస నుంచి చిమిడిపల్లి

విశాఖలో ఏడు కాకముందే బయల్దేరే కిరండూల్ పాసింజర్ మా కొత్తవలసలో ఎక్కాం. మేం ఇప్పుడు ఉండేది అక్కడే, నాన్న రిటైర్‌మెంట్ డబ్బుతో కట్టిన రెండు గదుల ఇల్లు, లైను మొదలయ్యేచోటే ఉండాలని అక్కడ స్థలం కొన్నాడు. అమ్మ నాన్న పాత టార్చి ఒకటి సంచిలో పెట్టుకుంది. అదొక్కటే ఉంది మా దగ్గర. జెండాలు, సుత్తి, పానా, ఈల అన్నీ రిటైరైన రోజు లెక్కపెట్టి అప్పజెప్పి సంతకం తీసుకుని వచ్చాడు, ఒక పాత జెండా గుడ్డ గుర్తుగా ఉంచుకోవచ్చు కదా నాన్నా అంటే "అది మనదేటమ్మా" అన్నాడు.

లక్కవరపుకోట దాటి ఎస్.కోట వచ్చేసరికి అమ్మ కిటికీ దగ్గరికి జరిగింది. మేం పెరిగింది ఎస్.కోటలో. నేను ఒకటో క్లాసుకి వచ్చేదాకా చిమిడిపల్లి క్వార్టర్స్‌లోనే ఉన్నాం, అక్కడ బడి సరిగా లేదని నాన్న మమ్మల్ని కిందకి దించి ఎస్.కోటలో అద్దెకి పెట్టి తను కొండ మీద ఒక్కడే ఉండిపోయాడు. వారానికి ఒక రెస్ట్ రోజు, ముందు రోజు సాయంత్రం దిగేవాడు, మర్నాడు రాత్రో తెల్లవారుజామునో ఎక్కిపోయేవాడు. అంటే మా చదువులు అయ్యేదాకా పదిహేడేళ్ళు ఆయన మాతో గడిపింది వారానికి ఒక్క రోజు. దిగేటప్పుడు చంకలో అడ్డాకుల కట్ట ఉండేది. డ్యూటీ అయ్యాక సాయంత్రాలు తన చేత్తోనే ఏరి ఆరబెట్టి, ఈనుపుల్లలతో విస్తళ్ళు కుట్టేవాడు, వందకి ఇంత అని పెళ్ళిళ్ళకి ఇచ్చేవాళ్ళం. మా ట్యూషన్ ఫీజులు ఆ విస్తళ్ళ డబ్బులే. జీతం జీతానికి సరిపోయేది, ఇటు అద్దె, అటు తాతయ్య మందులు, అత్త పెళ్ళి అప్పు.

బొడ్డవర దగ్గర్నుంచి కొండలు దగ్గరికి వస్తాయి, శివలింగపురం దాటాక ఘాట్ మొదలు. బండి వంపు తిరిగినప్పుడల్లా వెనక పెట్టెలు కనిపిస్తాయి, కింద లోయలో పొగమంచు, చెట్ల మధ్య ఎక్కడో తెల్లగా నీళ్ళు. సొరంగం వచ్చిన ప్రతిసారీ అద్దాల బోగీ వైపు నుంచి టూరిస్టు పిల్లల కేకలు, 2017లో ఆ బోగీలు వచ్చాక జనం బాగా పెరిగారు, మంచిదే, పిల్లలు సంతోషంగా అరుస్తుంటే నాకూ బాగుంది. అమ్మ మాత్రం సొరంగం లోపల చీకట్లో గోడల వైపే చూస్తోంది. టార్చి తీసి కిటికీలోంచి వేసింది. గోడలో మనిషి పట్టేంత గూళ్ళు వరసగా వెనక్కి పోతున్నాయి. లోపల పనిచేసేటప్పుడు బండి వస్తే అందులోకి దూరి నిలబడాలి. నాన్న చెప్పేవాడు, సొరంగంలో ముందు చప్పుడు రాదంట, ముందు గాలి వస్తుందంట, చొక్కా వీపుకి అతుక్కుంటే అర్థం చేసుకుని గూట్లోకి జరిగిపోవాలంట. "ఎన్ని పాలు నిలబడ్డాడో ఇందల" అంది అమ్మ, అంతే, టార్చి ఆపేసింది.

చిమిడిపల్లిలో మాతోపాటు బస్తాలు మోసుకుని నలుగురైదుగురు గిరిజనులు దిగారు. ప్లాట్‌ఫాం మీద ఒకాయన ఎదురొచ్చాడు, నాన్న కింద పదిహేనేళ్ళు పనిచేసినాయన, ఇప్పుడాయనే మేస్త్రీ. "వదినా" అని ఇంకేం మాట రాక అమ్మ చేతిలో సంచి తీసుకున్నాడు. మేం ఉన్న పాత క్వార్టరు చూపించమన్నాం. పైకప్పు లేదు, వాకిట్లో వేపచెట్టంత ఎత్తున తుప్పలు లేచాయి, గుమ్మం రాయి మాత్రం అలాగే ఉంది. అమ్మ ఆ రాయి మీద కూర్చుని లైను వైపు చెయ్యి చూపించింది. రోజూ సాయంత్రం అక్కడే కూర్చునేదట. గ్యాంగు పని దిగి వచ్చేటప్పుడు దూరం నుంచి మొహాలు కనపడవు, భుజాల మీద గునపాలు కనిపిస్తాయి, అందుకని తలలు లెక్కపెట్టేది. పదహారు రావాలి. పదహారు వస్తే పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఒక వానాకాలం పదిహేనే వచ్చారంట, రాళ్ళు జారిపడి ఒకతను... ఆ సంగతి అమ్మ పూర్తిగా చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ రాత్రి మేస్త్రీ గారింట్లోనే పడుకున్నాం, వాళ్ళావిడ రాగంబలి, చిక్కుడుగింజల కూర పెట్టింది, ఎంత వద్దన్నా మంచాలు మాకిచ్చి వాళ్ళు కింద పడుకున్నారు. చలి ఎముకల్లోకి దిగుతోంది. నాకు నిద్ర పట్టలేదు, అమ్మా పడుకోలేదు. అర్ధరాత్రి ఒక గూడ్సు వెళ్ళింది. "ఖాళీది, ఎక్కుతాంది" అంది చీకట్లో. ఇంకో గంటకి ఇంకోటి. "ఇది లోడు, దిగుతాంది, బ్రేకులు సూడు ఎలా ఏడుస్తన్నాయో." నలభై ఏళ్ళ తర్వాత కూడా చప్పుడు బట్టి చెప్పేస్తోంది.

రెండో రోజు – చిమిడిపల్లి, బొర్రా

పొద్దున్నే లేచేసరికి అమ్మ బయట నిలబడి ఉంది, ఇప్పటి కీమ్యాన్ కుర్రాడు డ్యూటీకి బయల్దేరుతుంటే చూస్తోంది. బుజం మీద పెద్ద సుత్తి, సంచిలో పానా, స్పేరు క్లిప్పులు, ఎర్రజెండా పచ్చజెండా, డిటొనేటర్లు. నాన్న పదిహేనేళ్ళు చేసిన పని ఇదే. తన బీటు ఆరు కిలోమీటర్లు, ఒక పట్టా చూసుకుంటూ పోవడం, రెండో పట్టా చూసుకుంటూ రావడం. వదులైన క్లిప్పు బిగించాలి, రెండు పట్టాల్ని కలిపే ఫిష్‌ప్లేటు పగిలితే అది, కుంగిన కంకర, పట్టా పక్కన కొత్తగా వచ్చిన నీటి ఊట, అన్నీ కళ్ళలో పడాలి. తమ్ముడు రాత్రి ఫోన్లో లెక్కేశాడు, రోజుకి పన్నెండు కిలోమీటర్లు, ఏడాదికి మూడొందల రోజులు, పదిహేనేళ్ళు, 54,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000. భూమి చుట్టూ ఒక చుట్టు తిరిగి ఇంకా మిగులుతుంది, కానీ ఆయన తిరిగిందంతా ఆ ఆరు కిలోమీటర్లలోనే. ఎవరైనా పోతే "పాపం కష్టజీవి" అని ఒక మాట అనేస్తాం, నేనూ చాలాసార్లు అన్నాను, ఆ కష్టం ఎంత పొడవుందో ఆ లెక్క చూసేదాకా నాకే తెలీదు.

పట్టాల మీదకి వెళ్ళనివ్వరు, వెళ్ళకూడదు కూడా. ప్లాట్‌ఫాం చివర అంచు దాకా నడిచాం. అక్కడ మేస్త్రీ గారు ఒక సంగతి చెప్పారు, మాకెవరికీ తెలీనిది, అమ్మకి కూడా.

1999 జనవరి. చలికాలం రాత్రుళ్ళు పట్టాలు బిగుసుకుపోతాయి, ఇనుము ముడుచుకుంటుంది కదా, ఎక్కడైనా లోపం ఉంటే అక్కడ టప్‌మని తెగుతుంది, అందుకని చలికాలం కూడా రాత్రి పెట్రోలింగ్ ఉంటుంది. ఆ రాత్రి నాన్నా ఈయనా ఇద్దరూ బొర్రా వైపు నడుస్తున్నారు. తెల్లవారుజామున లాంతరు వెలుగులో పట్టా మీద మెరుపు ఒకచోట తెగినట్టు అనిపించిందట నాన్నకి. వంగి చెయ్యి పెడితే వేలు దూరింది. పై నుంచి లోడు బండి వచ్చే టైము. రూలు ప్రకారం తెగినచోటికి 600 మీటర్ల ముందు ఒక డిటొనేటరు, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల దూరంలో మూడు పెట్టాలి, ఇంజను చక్రం ఎక్కితే అవి పేలతాయి, డ్రైవరు ఆపుతాడు. ఈయన్ని కింది వైపు కాపలాకి పంపి నాన్న ఎర్రదీపం పట్టుకుని పైకి పరిగెత్తాడు, ఎత్తు మీదకి, కంకర మీద, మధ్యలో సొరంగం. "సొరంగంల ఉండగా బండొస్తే గూట్లోకి దూరాల, దూరితే పటాకాలు పెట్టీ మనిషి లేడు. అది తెలిసీ ఎల్లిపోనాడు" అన్నారు ఆయన. సొరంగం దాటి మూడోది బిగించేసరికి ఇంజను లైటు వంపు తిరిగింది. బండి ఆగింది. తర్వాత తెగినచోట ప్లేట్లు, క్లాంపులు బిగించి నడకంత మెల్లగా దాటించారు.

తేదీ అడిగాను. ఆయనకి తేదీ గుర్తులేదు గానీ "నీ పరీక్ష ఫీజు కట్టాలని ఆ పొద్దున్నే కిందకి దిగిపోనాడమ్మా, పడుకోమన్నా ఇన్లేదు" అన్నారు.

ఆ రోజు నాకు గుర్తుంది. బాగా గుర్తుంది. ఇంటర్ పరీక్ష ఫీజుకి ఆఖరు రోజు. నాన్న నేరుగా కాలేజీకే వచ్చాడు, చొక్కా నిండా ఎర్రదుమ్ము, గ్రీజు, మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి రక్తం ఎండిపోయి ఉంది. ఫీజు కట్టి, రసీదు నా చేతికిచ్చి, వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని అక్కడే నిద్రపోయాడు, నోరు తెరుచుకుని. మా క్లాసు అమ్మాయిలు అటుగా వెళ్తున్నారు. నాకు సిగ్గేసింది. లేపి, ఇంటికెళ్ళి పడుకో నాన్నా అని కొంచెం విసురుగానే అన్నాను. "ఆ ఆ, ఎల్తాను తల్లీ" అని లేచి కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. మోకాలికి ఏమైందని కూడా నేనడగలేదు. ఆయన చెప్పలేదు, ఆ రోజూ, తర్వాత ఇరవై నాలుగేళ్ళలో ఏ రోజూ.

ప్లాట్‌ఫాం చివర నిలబడి ఏడ్చాను. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి, "ఆ ప్యాంటు నానే కుట్టినాను, తుప్పల్ల పడ్డాను అన్నాడు" అంది.

పాసింజర్ వచ్చాక బొర్రాలో దిగాం. గుహలు అందరూ చూసినవే, రంగు రంగుల లైట్లు, పైనుంచి బొట్టు బొట్టుగా కారిన సున్నపురాయి ఆకారాలు, లోపలెక్కడో గోస్తనీ నది పుట్టుక అంటారు. ఈ గుహల పైనుంచే రైలు లైను పోతుంది. నాన్న మమ్మల్ని చిన్నప్పుడు ఒకసారి తీసుకొచ్చాడు, నన్ను మెడ మీద ఎక్కించుకుని పైకప్పు చూపించి "ఈ కప్పు మీదే మీ నాన్న పని" అన్నాడు, నేను అది నిజంగా నమ్మేసి స్కూల్లో మా నాన్న గుహ మీద ఉంటాడని చెప్పుకున్నాను. అమ్మ మెట్లు దిగలేక పైనే కూర్చుంది. మధ్యాహ్నం జీపులో అరకు వెళ్ళిపోయాం, దారిలో కాఫీతోటల్లో గింజలు ఎర్రగా పండి ఉన్నాయి, సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, వలిసె పూలు ఆ ముందు నెలలోనే అయిపోయాయట, అక్కడక్కడా కొంచెం పసుపు మిగిలింది. రాత్రి అరకులో.

మూడో రోజు – అరకు నుంచి జగదల్‌పూర్

ఈ రోజు ప్రయాణమే ప్రయాణం, చెప్పడానికి ఎక్కువ లేదు. అరకు నుంచి బండి కాసేపటికే ఒడిశాలోకి వెళ్తుంది, పాడువా, మాచ్‌ఖండ్ రోడ్డు, మనకీ ఒడిశాకీ కలిపి ఉన్న కరెంటు ప్రాజెక్టు అటువైపే. కోరాపుట్‌లో చాలాసేపు ఆగింది. కోరాపుట్ నుంచి జయపూర్ దిగే ఘాట్ చూసి ఆశ్చర్యపోయాం, మా అనంతగిరి ఘాట్ ఒక్కటే ఉందనుకున్నాం ఇన్నాళ్ళూ, ఇక్కడా సొరంగం తర్వాత సొరంగం. అమ్మ పొద్దున్నుంచి వేళ్ళ మీద సొరంగాలు లెక్కపెడుతోంది, ఇక్కడికొచ్చేసరికి లెక్క తప్పింది. ఒక వంపు దగ్గర గ్యాంగు పక్కకి తప్పుకుని నిలబడ్డారు, ఎవరో ఒడియా కుర్రాళ్ళు, ఒకడు గునపం మీద గడ్డం ఆనించి మా బండి వంక చూస్తున్నాడు. అమ్మ చెయ్యి ఊపింది. వాడూ ఊపాడు. పులిహోర డబ్బా మూత తీసి "బండి ఆగితే ఇద్దును" అని మళ్ళీ మూత పెట్టేసింది.

జయపూర్ దాటాక కొండలు పోయి బస్తర్ మైదానం, కోసేసిన వరి మళ్ళు. సాయంత్రానికి జగదల్‌పూర్. లాడ్జిలో వేణ్ణీళ్ళు ఇచ్చారు, అమ్మ కాళ్ళు వాచిపోయాయి, తమ్ముడు కూర్చుని నూనె రాశాడు. నాన్న రెస్ట్ రోజు రాత్రి తన కాళ్ళకి తనే ఆవనూనె రాసుకునేవాడు, అరికాళ్ళు రాళ్ళలా ఉండేవి, మేం చిన్నప్పుడు వేలితో గీరితే ఆయనకి తెలిసేది కాదు, అదో ఆటలా ఉండేది మాకు.

నాలుగో రోజు – దంతెవాడ మీదుగా కిరండూల్

రైల్లో వెళ్తే రాత్రి చేరతాం, కొండలు కనపడవు, అందుకని పొద్దున్నే జీపు మాట్లాడుకున్నాం. జగదల్‌పూర్ దాకా వచ్చి చిత్రకోట్ జలపాతం చూడకుండా ఎవరూ వెళ్ళరు, ఇంద్రావతి నది గుర్రపు నాడా ఆకారంలో ఒక్కసారిగా దూకుతుంది, తమ్ముడు చూద్దామన్నాడు గానీ అమ్మ "మనం సూడ్డానికి ఒచ్చింది అది కాదు కదా" అంది, సరే అన్నాం.

దంతెవాడలో ఆగాం. శంఖిని, డంకిని నదులు కలిసేచోట దంతేశ్వరి గుడి. బస్తర్ రాజుల కులదేవత, ఆ రాజులు మన ఓరుగల్లు కాకతీయుల వంశమే, ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం పెట్టాడని చెప్తారు. మగవాళ్ళు పంచె కట్టుకునే లోపలికి వెళ్ళాలి, తమ్ముడు నాన్న పంచె తెచ్చుకున్నాడు, అది కట్టుకుని నడుస్తుంటే వెనక నుంచి అచ్చం నాన్నే, అమ్మా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. గుడి ముందు గరుడ స్తంభం ఉంది, వీపు ఆనించి వెనక్కి చేతులు చుట్టి వేళ్ళు కలిస్తే కోరిక తీరుతుందంటారు. జనం వరసలో నిలబడి చేస్తున్నారు. అమ్మని చెయ్యమంటే వద్దంది.

గీదం, దంతెవాడ దాటాక అడవి చిక్కబడింది, బచేలి దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా కొండ. బైలడిల్లా అంటే ఎద్దు మూపురం అని అర్థం, నిజంగానే పడుకున్న ఎద్దులా ఉంది, వీపు మీద పొడుగ్గా మూపురం. ఆ మూపురం మొత్తం ఇనుమే. 1968 నుంచి తవ్వుతున్నారు, మొదట్లో అంతా జపాన్‌కే పోయేది, 1976లో విశాఖ ఔటర్ హార్బర్ తెరిచాక పెద్ద ఓడలొచ్చాయి, తర్వాత మన స్టీల్‌ప్లాంట్‌కీ ఈ రాయే. గనుల్లోకి మామూలు జనాన్ని పోనివ్వరు, మేం అడగలేదు కూడా. కిరండూల్ ఊళ్ళోంచే కనిపిస్తుంది, కొండ పైనుంచి కిందకి ఎర్రటి మెట్లు చెక్కినట్టు.

ఊళ్ళో రోడ్డు ఎరుపు. చెట్ల ఆకులు ఎరుపు. గోడలు, ఆగిన లారీల చక్రాలు, కుక్కల కాళ్ళు, అన్నీ ఎరుపు. స్టేషన్ బయట జీపు దిగి అమ్మ అలా నిలబడిపోయింది. కింద కూర్చుని దుమ్ము రెండు వేళ్ళతో తీసి నలిపింది. "ఇదే" అంది.

నాన్న చొక్కాలు. లోడు బళ్ళ నుంచి రాలి పట్టాల పక్కన పేరుకునే ఎర్రపొడి, చెమటతో కలిసి చొక్కాల్లోకి ఇంకిపోయేది. వారానికి ఒక మూట బట్టలు దించేవాడు, అమ్మ చవుడు పెట్టి, సోడా పెట్టి, ఉడకబెట్టి, బండ మీద బాది, ఎన్ని చేసినా తెల్లచొక్కా తెల్లగా అయ్యేది కాదు. మా ఇంట్లో తువ్వాళ్ళు, దిండు గలీబులు, నా స్కూలు జాకెట్టు లోపలి వైపు, అన్నిటికీ ఆ రంగే. నాన్నని పడుకోబెట్టిన రోజు కట్టిన పంచెకి కూడా అంచున ఉంది ఆ రంగు, పదేళ్ళు అయ్యింది పని మానేసి, అయినా ఉంది.

"ఈ మరక పోదు" అంది అమ్మ. అని ఆ వేళ్ళు తన లేతరంగు చీర కొంగుకే తుడుచుకుంది.

సాయంత్రం స్టేషన్‌లో కూర్చున్నాం. యార్డులో ఒక లోడు బండి సిద్ధంగా ఉంది, పెట్టెల నిండా రాయి, ముందు ఇంజన్లు కట్టారు. కదలడం మొదలుపెట్టింది. ఒక్కో పెట్టె మా ముందు నుంచి పోతోంది. ఇది రాత్రంతా నడిచి రేపెప్పుడో చిమిడిపల్లి దాటుతుంది, ఆ కీమ్యాన్ కుర్రాడు పక్కకి తప్పుకుని జెండా పట్టుకుని నిలబడతాడు. ఆఖరి పెట్టె వెళ్ళిపోయేదాకా అమ్మ లేవలేదు. నాన్న బతికుండగా ఇక్కడికి తీసుకురాలేకపోయామే అని తమ్ముడు అన్నాడు, ఒక్క సెలవు, రెండు టికెట్లు, అంతే కదా కావలసింది, ఎందుకు తేలేదు మనం. దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, జీతాలున్నాయి, సెలవులున్నాయి. మేం కాశ్మీర్ వెళ్ళొచ్చాం.

ఐదో రోజు – తిరుగు ప్రయాణం

తెల్లవారకుండానే స్టేషన్‌కి వచ్చేశాం. ఇక రోజంతా బండే. దంతెవాడ, జగదల్‌పూర్, జయపూర్, కోరాపుట్, వచ్చిన దారే వెనక్కి. అమ్మ చాలాసేపు పడుకుంది. నిద్రలో కూడా సొరంగం వస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకునేది.

అరకు దాటాక శిమిలిగూడ. ఎత్తు 996.32 మీటర్లు, అప్పట్లో బ్రాడ్‌గేజ్‌లో ఇదే అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ అని బోర్డు ఉండేది, కాశ్మీర్ లైను వచ్చాక ఆ మాట మారిపోయింది. నాన్న పనిలో ఉన్న ఫొటో మా దగ్గర ఒక్కటే ఉంది, అది ఈ బోర్డు పక్కన తీసిందే, ఎవరో టూరిస్టు తీసి పోస్టులో పంపించాడట, ఆయనెవరో మాకు తెలీదు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి. అందులో నాన్న కెమెరా వైపు చూడడం లేదు, కాళ్ళ దగ్గర పట్టా వంక చూస్తున్నాడు. తమ్ముడు తలుపు దగ్గర నిలబడి ప్లాట్‌ఫాం ఫొటో తీసుకున్నాడు.

బొర్రా దాటేసరికి ఎండ కొండ వెనక్కి వెళ్ళిపోయింది. సొరంగం, వెలుగు, సొరంగం, వెలుగు. చిమిడిపల్లి దగ్గరికొస్తూ బండి మెల్లగైంది. అమ్మ లేచి కూర్చుని కొంగు తల మీదుగా కప్పుకుని కిటికీ దగ్గరికి జరిగింది. పని దిగిన గ్యాంగు లైను పక్క దారిలో స్టేషన్ వైపు నడిచి వస్తున్నారు, మసక చీకట్లో మొహాలు తెలీడం లేదు, భుజాల మీద గునపాలు, ముందు ఒకాయన చేతిలో జెండాలు. మేస్త్రీ గారే అయ్యుంటారు.

అమ్మ పెదాలు కదులుతున్నాయి.

"తొమ్మిది" అంది. కాసేపాగి, "ఇప్పుడు తొమ్మిది మందేనంట, మొన్న అడిగినాను. అందరూ ఒచ్చీసినారు" అని, చలిగాలి వస్తోందని కిటికీ దించేసింది.